పెన్న దాటే చోటు: నెల్లూరు నేల, తొలి చరిత్ర

సభకు నమస్కారం.

నెల్లూరు చరిత్ర అనగానే మనలో చాలామంది తిక్కన సోమయాజితో మొదలుపెడతారు. నేను ఇసుకతో మొదలుపెడతాను. నా చిన్నతనంలో మేము రంగనాయకులపేటలో ఉండేవాళ్ళం. ఎండాకాలంలో మా అమ్మ తెల్లవారకముందే బిందె తీసుకొని పెన్నలోకి దిగేది. వెనకాల చెంబు పట్టుకొని నేను. ఏట్లో చుక్క నీరు కనిపించేది కాదు. అమ్మ మోకాళ్ళ మీద కూర్చొని చేతులతో ఇసుక తోడేది. మూరెడు లోతుకు పోయేసరికి ఇసుక రంగు మారేది, మరో జానెడు తోడితే అడుగున నీళ్ళు ఊరేవి. మొదట బురదగా ఉన్న ఆ నీటిని రెండుసార్లు చెంబుతో ఎత్తి పారబోసి, మూడోసారి తేటపడ్డాక గుడ్డ వేసి బిందెలోకి వడగట్టేది. దానినే చెలమ అంటాము. భూగోళశాస్త్రం పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరిన తరువాతగాని నాకు అర్థం కాలేదు, ఆ చెలమలో పెన్నానది స్వభావమంతా ఉందని. ఈ నది సంవత్సరంలో చాలా నెలలు ఇసుక కింద ప్రవహిస్తుంది. పైకి కనిపించేది కొన్ని వారాలు మాత్రమే, అయితే ఆ కొన్ని వారాల్లో అది ఊళ్ళను భయపెడుతుంది.

ఈనాటి ప్రసంగంలో నేను చెప్పదలచుకున్న విషయం ఒక్కటే. నది నీళ్ళిచ్చింది కాబట్టి నెల్లూరు పుట్టిందని మనం అలవాటుగా అనుకుంటాము. నా అభిప్రాయం వేరు. ఈ ఊరు ఇక్కడ నిలవడానికి మొదటి కారణం, నదిని దాటడానికి వీలైన చోటు ఇది కావడం, ఆ చోట దక్షిణపు గట్టున వరదకు అందని మిట్ట నేల ఉండడం. పైరుకు నీళ్ళు, వరి, పేరు, రాజధాని హోదా అన్నీ ఆ తరువాతి మాటలు.

ముందు నది సంగతి చూద్దాము. పెన్న కర్ణాటకలో చిక్కబళ్ళాపురం దగ్గరి నంది కొండల్లో పుడుతుంది. అదే కొండల్లో పుట్టి తమిళదేశానికి పోయే మరో నది ఉంది. దానిని దక్షిణ పినాకిని అంటారు, మనది ఉత్తర పినాకిని. పినాకం శివుని విల్లు. మన నది అక్కడి నుంచి ముందు ఉత్తరంగా నడిచి, అనంతపురం సీమలో తూర్పుకు తిరిగి, గండికోట దగ్గర ఎర్రటి రాతిని నిలువునా కోసుకుంటూ కడప జిల్లాలోకి వస్తుంది. జయమంగళి, చిత్రావతి, కుందేరు, పాపఘ్ని, సగిలేరు, చెయ్యేరు దారిలో కలుస్తాయి. సోమశిల దగ్గర వెలికొండల గండిలోంచి బయటపడి, ఆత్మకూరు, సంగం మీదుగా నెల్లూరు చేరి, ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. మొత్తం పొడవు 597 కిలోమీటర్లు, పరీవాహక ప్రాంతం 55,213 చదరపు కిలోమీటర్లు.

ఆ పరీవాహక ప్రాంతంలో ఎక్కువ భాగం వానలు సరిగా పడని రాయలసీమ నేల. అందువల్ల పెన్నకు నీళ్ళు రెండు విధాలుగా వస్తాయి: ఎగువన ఎప్పుడైనా పడిన భారీ వానల వల్ల ఒకటి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాల వల్ల మరొకటి. ఈ రెండోది మనకు బాగా తెలిసినది. గోదావరి, కృష్ణ జిల్లాల రైతు జూన్ మేఘం కోసం చూస్తే, నెల్లూరు రైతు ఈశాన్యపు మబ్బు కోసం చూస్తాడు. ఆ మబ్బే మితిమీరితే ఏమవుతుందో 2021 నవంబరులో చూశాము. కడప జిల్లాలో చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పెన్న పొంగి కోవూరు వైపు పడుగుపాడు దగ్గర రైలుకట్టను కోసేసింది. జాతీయ రహదారి తెగింది. మద్రాసు, విజయవాడల మధ్య రాకపోకలు నిలిచిపోయాయి. దక్షిణపు గట్టున ఏటి అంచును ఆక్రమించి కట్టుకున్న లోతట్టు కాలనీలూ మునిగాయి. పాత ఊరి నడుమ భాగానికి మాత్రం అంత కష్టం రాలేదు. ఆ తేడాను మనసులో పెట్టుకోండి.

పాత ఊరి పేటల పేర్లు ఒకసారి తలచుకుంటే ఈ సంగతి ఇంకా స్పష్టమవుతుంది. కోటమిట్ట, దర్గామిట్ట. మిట్ట అంటే చుట్టుపక్కలకంటే ఎత్తయిన నేల అని ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు. కోట కట్టుకున్నవాడు మిట్ట చూసి కట్టుకున్నాడు, దర్గా కట్టినవారూ అంతే. మీకు ఓపిక ఉంటే ఒక వానాకాలపు సాయంత్రం ట్రంకురోడ్డు మీద నడుస్తూ, నీళ్ళు ఏ సందులోంచి ఏ సందులోకి పోతున్నాయో చూడండి. మన పురపాలక ఇంజనీర్ల దగ్గర ఉండే పటాలకంటే ఆ నీళ్ళు నిజం చెబుతాయి. (ఈ మాటకు మీరు నవ్వుతున్నారు గాని, మోకాటి లోతు నీళ్ళలో స్కూటరు తోసుకుంటూ ఇల్లు చేరిన అనుభవంతో చెబుతున్నాను.)

వెలికొండలు దాటిన నదికి వాలు తగ్గుతుంది, వెడల్పు పెరుగుతుంది, మోసుకొచ్చిన ఇసుక పరుస్తుంది. సముద్రం దగ్గరికి పోయేకొద్దీ నేల మరీ పల్లమై, పాయలు, ఉప్పుకయ్యలు, బురద వస్తాయి; అక్కడ బండ్లతో దాటడం కష్టం. ఎగువకు పోతే కొండలు, అడవి. ఈ రెండింటి నడుమ, సముద్రానికి 20 కిలోమీటర్లకు కాస్త పైమాట దూరంలో, ఎండాకాలమంతా ఇసుక మీద నడిచి దాటగలిగిన చోటు, దక్షిణాన మిట్ట ఉన్న చోటు నెల్లూరు. ఉత్తరాన వేంగి, ఓరుగల్లు నుంచి దక్షిణాన కంచికి పోయే దండు గాని, వర్తకపు బిడారు గాని, తీరాన్ని అనుసరించి వస్తే ఇక్కడికి రాక తప్పదు. ఈ దారినే తరువాత ఇంగ్లీషువాళ్ళు మద్రాసు ట్రంకు రోడ్డు చేశారు, దాని పక్కనే రైలు వేశారు. ఒంగోలు మిత్రులు నొచ్చుకోకూడదు గాని, వారి ఊరిని దారి నిలబెట్టింది, మా ఊరిని దారీ ఏరూ కలిసి నిలబెట్టాయి.

నది ముఖంలో రేవు ఎందుకు లేదన్న ప్రశ్న వస్తుంది. పెన్న ముఖద్వారాన్ని సముద్రపు అలలు ఇసుకతో పూడుస్తూ ఉంటాయి. ఏడాదిలో చాలా నెలలు ఆ ఇసుకను తోసివేసేంత నీటి ఉరవడి నదికి ఉండదు. అందువల్ల ఓడలు దక్షిణాన కండలేరు కయ్యలో, ఇప్పటి కృష్ణపట్నం దగ్గర ఆగేవి. 13వ శతాబ్ది శాసనాలలో ఆ రేవు పేరు కొల్లితురై, మారుపేరు గండగోపాలపట్టణం. గండగోపాలుడు నెల్లూరు తెలుగు చోడుల బిరుదు. అంటే ఊరు ఒకచోట, రేవు మరొకచోట ఉన్నా, రెంటికీ యజమాని ఒక్కడే అన్నమాట.

పైరు సంగతి. పెన్నకు అడ్డంగా నెల్లూరు దగ్గర ఆనకట్ట కట్టింది 1855లో. సంగం ఆనకట్ట 1880లలో. ఆ పాతవాటి స్థానంలో వచ్చిన కొత్త బ్యారేజీలు 2022 సెప్టెంబరులో ప్రారంభమయ్యాయి. ఇప్పుడు జాఫర్ సాహెబ్ కాలువ, సర్వేపల్లి కాలువ, కనిగిరి రిజర్వాయరు, సోమశిల 78 టీఎంసీలు, ఎడగారు పంట, మొలగొలుకుల బియ్యం అంటూ మనం మాట్లాడుకుంటున్నదంతా ఆ ఆనకట్టల తరువాతి ప్రపంచం. అంతకుముందు ఇక్కడి వరి చెరువుల కింద పండింది. ఏట్లో ఊటకాలువలు తవ్వి చెరువులు నింపుకొనేవారు, వరద వస్తే ఆ కాలువలు పూడిపోయేవి, మళ్ళీ తవ్వుకొనేవారు. మా అమ్మ చెలమకూ ఆ కాలువకూ సూత్రం ఒక్కటే. ఊరి పడమటి అంచున ఉన్న నెల్లూరు చెరువును మీరు చూడనిరోజు లేదు. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెలు మార్చుకొనే పండుగకు దేశం నలుమూలల నుంచీ జనం వచ్చి దిగేది ఆ చెరువు నీటిలోకే.

ఇక పేరు. తమిళంలో నెల్ అంటే వడ్లు, నెల్లి అంటే ఉసిరిక. రెండు మాటల నుంచీ రెండు కథలు వచ్చాయి. వడ్ల ఊరు కాబట్టి నెల్లూరు అన్నది ఒకటి. మూలాపేటలోని మూలస్థానేశ్వరుని కథ రెండవది: ముక్కంటిరెడ్డి అనే ప్రభువుకు కలలో శివుడు కనిపించి నెల్లి చెట్టు కింద లింగమై ఉన్నానని చెప్పాడు, ఆయన అక్కడ గుడి కట్టించాడు, నెల్లి చెట్టు ఊరికి పేరైంది. నాకు ఈ రెండో కథలో చెట్టుకంటే ముక్కంటి పేరు మీద ఆసక్తి ఎక్కువ. ముక్కంటి కాడువెట్టి, త్రినేత్ర పల్లవుడు అన్న పేర్లు మన తీరంలో ఎన్నో ఊళ్ళ దానకథలలో వినిపిస్తాయి. కాడువెట్టి అంటే అడవి కొట్టినవాడు. అడవి కొట్టి ఊళ్ళు నిలిపిన కాలాన్ని జనం ఒక పల్లవ రాజు పేరున గుర్తుపెట్టుకున్నారని నేను అర్థం చేసుకుంటాను.

ఆ పల్లవులకు ముందే ఈ గట్టున డబ్బున్న మనుషులు తిరిగారనడానికి ఒక సాక్ష్యం ఉంది, అది దొరికిన తీరు వినదగినది. అంతకుముందు మద్రాసు గవర్నరుగా ఉన్న డేవిడ్‌సన్ 1787లో రాసిన లేఖ కలకత్తా ఏషియాటిక్ సొసైటీవారి సంపుటంలో అచ్చయింది. నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుండగా నాగలి ఇటుక కట్టడానికి తగిలి ఆగింది. తవ్వితే ఒక చిన్న హిందూ దేవాలయపు శిథిలం, దాని కింద చిన్న కుండ, కుండలో రోమను బంగారు నాణేలు. పాపం ఆ రైతుకు అవి బంగారమే గాని చరిత్ర కాదు. పాత బంగారం కింద అమ్మేశాడు, చాలావరకు కరిగించేశారు. ముప్ఫైకి పైచిలుకు మాత్రం ఆర్కాటు నవాబు కొడుకు చేతికి చిక్కాయి. వాటిలో ట్రాజను, హాడ్రియను, ఫాస్టీనాల నాణేలు ఎక్కువ. అంటే క్రీస్తు శకం 2వ శతాబ్ది నాటివి. కొన్ని అప్పుడే టంకసాల నుంచి వచ్చినట్టు మెరుస్తున్నాయట, కొన్నింటికి మాత్రం బెజ్జాలు ఉన్నాయట. ఆ బెజ్జం దగ్గర నేను ఆగిపోతాను. రోము చక్రవర్తి ముఖం ఉన్న నాణేనికి మన ఆడవాళ్ళు దారం ఎక్కించి మెడలోనో దండకో కట్టుకున్నారు. కాసులపేరు చరిత్ర రాసేవారెవరైనా అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు.

పల్లవుల కాలానికి వస్తే శాసనాలు మాట్లాడతాయి. తొలి పల్లవుల రాగిరేకులు చాలావరకు నెల్లూరు, ఒంగోలు సీమల భూములకు సంబంధించినవి. వవ్వేరులో దొరికిన సింహవర్మ శాసనంలో ముండరాష్ట్రం పేరు ఉంది. అది పెన్న చుట్టుపక్కల సీమ. దానికి ఉత్తరాన కర్మరాష్ట్రం, అదే తరువాతి కమ్మనాడు. ఓంగోడు గ్రామాన్ని దానమిచ్చిన రాగిరేకులలో ఒంగోలు పేరును పండితులు గుర్తించారు. కంచి పల్లవులకు ఇది ఉత్తరపు వాకిలి. వేంగి చాళుక్యులు బలపడ్డాక అదే వారికి దక్షిణపు వాకిలి అయింది. 848 నాటి అద్దంకి శాసనం, తెలుగు పద్యానికి తొలి సాక్ష్యాలలో ఒకటిగా మనం పిల్లలకు చెప్పే శాసనం, నిజానికి ఒక సేనాని దండయాత్రల జాబితా: గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగడు బోయల కోటలు పన్నెండింటిని పట్టి, కందుకూరును బెజవాడ అంతటిదాన్ని చేశాడని అందులో ఉంది. అద్దంకి, కందుకూరు, ఆపైన పెన్న. దండు ఏ దారిన దిగుతున్నదో చూడండి.

తరువాత తంజావూరు చోళుల కాలం. నెల్లూరికి విక్రమసింహపురం అనే రెండో పేరు శాసనాలకెక్కింది. గుడి గోడల మీద తమిళం, తెలుగు పక్కపక్కన కనిపించడం ఈ జిల్లా ప్రత్యేకత. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి గార్లు నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా అచ్చువేశారు. వాటిని తిరగేస్తే ఒకే ఊళ్ళో ఒక దానం తమిళంలో, తరువాతి తరం దానం తెలుగులో ఉండడం గమనించవచ్చు. ఊళ్ళ పేర్లకు పాళెం అని ళకారంతో రాసే అలవాటు మనకు ఆ పొరుగు నుంచే వచ్చింది.

చోళుల బలం తగ్గాక వారి పేరు పెట్టుకొన్న మన తెలుగు చోడులు ఇక్కడ స్వతంత్రులయ్యారు. తిక్కభూపాలుడు పెన్న నుంచి కంచి దాకా చెయ్యి చాచి, చిక్కుల్లో పడిన చోళరాజును నిలబెట్టి, చోళస్థాపనాచార్యుడని బిరుదు వేయించుకున్నాడు. ఆయన కొడుకు మనుమసిద్ధి. ఈయన ఆస్థానంలోనే తిక్కన మంత్రిగా, కవిగా ఉన్నాడు. రాజు ఆయనను మామా అని పిలిచేవాడు. ఆ వరస చెప్పుకొనే, మామవు కాబట్టి నీ భారతీకన్యకను నాకిమ్మని చమత్కరించి నిర్వచనోత్తర రామాయణాన్ని అంకితం పుచ్చుకొన్నాడు. విరాటపర్వం మొదలు పదిహేను పర్వాల భారతాన్ని మాత్రం తిక్కన ఏ రాజుకూ ఇవ్వలేదు, హరిహరనాథునికి ఇచ్చాడు. ఏటి ఒడ్డున రంగనాథుని గుడిలో కూర్చొని రాశాడని ఊళ్ళో పెద్దలు చెబుతారు. ఆ గుడి వెనక మెట్ల మీద కూర్చొన్నవారికి ఆ మాట నమ్మాలని అనిపిస్తుంది.

మనుమసిద్ధి కాలంలో జరిగిన కాటమరాజు యుద్ధం గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే అది పూర్తిగా భూగోళానికి సంబంధించిన యుద్ధం. మన పాత ప్రకాశం జిల్లా పడమటి భాగం, కనిగిరి వైపు, మెట్ట నేల. వాన తప్పితే గడ్డి ఉండదు. కాటమరాజు యాదవ నాయకుడు, ఆయన సంపద ఆలమందలు. కరువు వచ్చినప్పుడు ఆ మందలను తోలుకొని పచ్చిక ఉండే చోటుకు, అంటే పెన్న పల్లపు బీళ్ళకు, దిగిరావాలి. నెల్లూరు రాజుతో ఒప్పందం కుదిరింది: మేపుకు పుల్లరిగా, అంటే మేత పన్నుగా, పుట్టిన కోడెదూడలను రాజుకు ఇవ్వాలి. మగదూడ సేద్యపు రాజుకు పనికివస్తుంది, పాడి గొల్లకు ఆవుదూడ కావాలి. ఇద్దరికీ అనుకూలమైన బేరమే. అయినా బేరం చెడింది. ఎందుకు చెడిందన్నదానికి గొల్లల కథ ఒక విధంగా, రాజు పక్షపు కథ మరొక విధంగా చెబుతాయి. పుల్లరి కట్టలేదని రాజు మందలను పట్టించబోయాడు, యుద్ధం వచ్చింది. పాలేటి గట్టున పంచలింగాల దగ్గర జరిగిందని చెప్పే ఆ పోరులో తిక్కన సోమయాజి తండ్రి సోదరుని కొడుకు ఖడ్గతిక్కన చనిపోయాడు. మెట్టకూ పల్లానికీ మధ్య గడ్డి తగాదా అది. ఇప్పటికీ కరువు సంవత్సరాల్లో ఎగువ మండలాల గొర్రెల మందలు కోతలైన మడికయ్యల్లోకి దిగివస్తాయి. రైతు పొలంలో రాత్రికి మంద కట్టి, దానికి బదులు వడ్లు తీసుకొంటారు. అప్పటి పుల్లరి ఇప్పుడు తిరగబడిందన్నమాట.

ఈ దెబ్బ తరువాత మనుమసిద్ధి స్థితి నిలకడగా లేదు. దాయాదులు అక్కన, బయ్యన ఆయనను గద్దె దింపారు. తిక్కన ఓరుగల్లు పోయి కాకతి గణపతిదేవుని ఆశ్రయించాడని, ఆ చక్రవర్తి సేనలు వచ్చి మనుమసిద్ధిని మళ్ళీ నిలిపాయని కథ. ఇందులో కవి గొప్పతనం ఎంతైనా ఉండవచ్చు గాని, గణపతిదేవుడు ఒక కవి మాట మీద ఇంత దూరం దండు పంపాడని నేను అనుకోను. 1244లో మోటుపల్లి రేవులో వర్తకులకు అభయశాసనం వేయించిన రాజు ఆయన. తీరం విలువ ఆయనకు తెలుసు. మోటుపల్లి చేతిలో ఉన్నవాడికి పెన్న దాటు కూడా చేతిలో ఉండాలి, లేకపోతే దక్షిణం నుంచి వచ్చేవాడిని ఆపేది ఎక్కడ? ఆయన భయం నిజమే అయింది. కొద్ది సంవత్సరాల్లోనే మదుర పాండ్యుడు జటావర్మ సుందరపాండ్యుడు కంచి మీదుగా వచ్చి, నెల్లూరులో వీరాభిషేకం చేయించుకొన్నాడు. తన విజయయాత్రకు ఉత్తరపు హద్దుగా ఆయన ఎంచుకొన్నది ఈ గట్టునే. అరవై ఏళ్ళు గడవకముందే బాణం వెనక్కి తిరిగింది: ప్రతాపరుద్రుని సేనాని ముప్పిడినాయకుడు నెల్లూరును ఏలుతూ, ఇక్కడినుంచే బయలుదేరి 1316లో కంచిని పట్టాడు.

చివరగా ఒక మాట. ఇంత చరిత్ర ఉన్న ఊళ్ళో పాత కట్టడాలు ఇంత తక్కువగా ఎందుకున్నాయని విద్యార్థులు నన్ను అడుగుతుంటారు. 2020 జూన్‌లో చేజెర్ల మండలం పెరుమాళ్ళపాడు దగ్గర పెన్న ఇసుకలో ఊరి యువకులు ప్రొక్లెయినర్ పెట్టి తవ్వితే నాగేశ్వరుని గుడి శిఖరం బయటపడింది. అక్కడ గుడి ఉండేదని ఊళ్ళో ముసలివారు చెబుతూనే ఉన్నారు. నది దారి మార్చుకొని 19వ శతాబ్దిలో వచ్చిన వరదలకు దానిని ఇసుకతో కప్పేసిందని అధికారులు అన్నారు. నేను ఆ తరువాత వెళ్ళి చూశాను. తవ్విన గుంత అంచున నిలబడితే, ఇసుక పొరలు పొరలుగా కనిపిస్తుంది: ముతక ఇసుక, దాని మీద సన్నని ఒండ్రు, మళ్ళీ ముతక ఇసుక. ఒక్కొక్క పొర ఒక్కొక్క వరద. కింద, గుడి గోడ మొదట్లో, చెమ్మ తగిలి ఇసుక నల్లబడి ఉంది. మా అమ్మ అయితే అక్కడ కూర్చొని చేత్తో తోడటం మొదలుపెట్టేది.

మీ ప్రశ్నలు వింటాను.